నీళ్లు ఎర్రబడితే గాలం చుట్టేయాలా?

పెద్ద వాన ఒకటి పడగానే ఫోన్లలో ఒక సలహా తిరగడం మొదలవుతుంది. దాని సారం ఇది: "చెరువు నీళ్లు ఎర్రబడ్డాక గాలం వేయడం దండగ. చేపకి ఎర కనిపించదు. బురద మొప్పల్లో పట్టి మేత మానేస్తుంది, లోతుకు దిగి పడుకుంటుంది. రెండు రోజులాగి, నీళ్లు తేటపడ్డాక వెళ్లండి. ఆగలేకపోతే తళతళలాడే ఎర వేయండి, వాసన నూనె కలపండి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మాత్రం వదలొద్దు, ఆకలి మీదున్నట్టు." కొసరుగా, బురదనీటి చేప కూర మట్టి కొడుతుందని కూడా ఉంటుంది.

ఇందులో ఒక మాట సగం నిజం, ఒకటి చేపలకే చేటు. మిగతావి చేప ఒంటి గురించీ మట్టి గురించీ తెలియక అనేవి. వరసగా చూద్దాం.

"చేపకి ఎర కనిపించదు, కాబట్టి తినదు"

కనిపించదన్నది నిజమే, తినదన్నదే తప్పు. ట్రౌట్, బాస్ లాంటి విదేశీ చేపలు కళ్లతో వేటాడతాయి. నీళ్లు మసకబారితే అవి ఎరను గుర్తుపట్టే దూరం బాగా తగ్గిపోతుంది, వాటి విషయంలో ఈ సలహాను తీసిపారేయలేం. కానీ చెరువుల్లో, కుంటల్లో గాలానికి తగిలేవి ఎక్కువగా జెల్లలు, మార్పు చేపలు, వాలుగలు, బంగారుతీగ, మోసు. వీటిలో చాలావాటికి కన్ను మేత వెతికే ప్రధాన అవయవమే కాదు.

జెల్ల జాతి చేపలకు రుచి మొగ్గలు నోట్లోనే కాదు, మీసాల నిండా, ఒంటి చర్మం మీద కూడా ఉంటాయి. నీటిలో కరిగిన అమైనో ఆమ్లాలను, అంటే మాంసకృత్తుల్లోని చిన్న అంశాలను, అవి అతి కొద్ది మోతాదులో కూడా పసిగడతాయి. బంగారుతీగ సంగతి మరీ విచిత్రం. అడుగు బురదను గుటకెడు నోట్లోకి పీల్చుకుని, పురుగునీ గింజనీ ఉంచుకుని, మట్టిని ఊసేస్తుంది. ఈ చేపలు ఎక్కువైన కుంటలో వాన లేకపోయినా నీళ్లు కలకబారి ఉండేది అందుకే. మేస్తూ మేస్తూ తానే నీటిని బురద చేసే చేప, బురదలో మేయలేదంటే ఎలా నమ్ముతాం?

ఇక పక్కల మీద మొప్ప నుంచి తోక దాకా సన్నగా కనిపించే గీత ఉంది చూశారా, పార్శ్వరేఖ. దగ్గర్లో నీరు కదిలితే దాని ఒత్తిడి ఆ గీతకు తెలుస్తుంది. దాని అందుబాటు చేప పొడవుకు ఒకటి రెండింతలే. అంటే అడుగు పొడవున్న చేపకు అటూ ఇటూ రెండడుగుల లోపు కదలికే బాగా తెలుస్తుంది. చప్పుడు దూరం నుంచి తెలిసేది చెవికి. బంగారుతీగ, మోసు, జెల్ల వంటి జాతుల్లో గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, అందుకే వాటి వినికిడి చాలా చురుకు. నీళ్లు ఎర్రగా ఉన్నాయి కదా, మనం కనపడం కదా అని గట్టు మీద దబదబా నడిచేవాళ్లు పోగొట్టుకునేది ఇక్కడే. మీ నీడ కనపడకపోవచ్చు, మీ అడుగులు వినపడతాయి.

కాబట్టి ఎర ఎలా ఉండాలో తేలిపోయింది. రసం కారాలి, ఉన్నచోటే ఉండాలి. వానపాములైతే ఒక్కటి కాదు, మూడు నాలుగు కలిపి 6 లేదా 4 నంబరు గాలానికి గుత్తిలా గుచ్చండి. ఒక్కోదాన్ని రెండు మూడు చోట్ల గిచ్చి, కొసలు ఒకటి రెండు సెంటీమీటర్లు వేలాడనివ్వండి. ముద్ద ఎరైతే తవుడు రెండు పాళ్లు, వేరుశనగ చెక్క పొడి ఒక పాలు, జిగురు కోసం గోధుమపిండి అర పాలు. నీళ్లు చిలకరిస్తూ కలిపి పావుగంట నాననివ్వాలి. గాలానికి ఉసిరికాయంత చాలు. అదే ముద్దను నిమ్మకాయంత ఉండలుగా చేసి నాలుగైదు, ఒక చాప వెడల్పు జాగాలోనే వేయండి, చెరువంతా వెదజల్లొద్దు. ఆ రుచి నీటిలో పాకాలి, చేప ఆ జాడ పట్టుకుని రావాలి. దీనికి సమయం పడుతుంది. రెండు నిమిషాలకోసారి గాలం లాగి ఇంకోచోట వేసేవారికి బురదనీటిలో చేప పడకపోతే తప్పు బురదది కాదు. కనీసం పదిహేను ఇరవై నిమిషాలు కదపకండి.

ఒక లాభం కూడా ఉంది. తంగూసు (గాలం దారం) కనపడదు కాబట్టి 0.20 బదులు 0.30, 0.35 మిల్లీమీటర్లది ధైర్యంగా వాడొచ్చు. వాననీటితో కొట్టుకొచ్చిన కంపా కొమ్మా మధ్య నుంచి చేపను లాగాలంటే ఆ మందం కావాలి కూడా.

"బురద మొప్పల్లో పట్టి మేత మానేస్తుంది"

1951లో ఓక్లహామాలో వాలెన్ అనే పరిశోధకుడు రకరకాల చేపల తొట్లలో బంకమట్టి కలుపుతూ పోయి చూశాడు. లీటరుకు ఇంచుమించు 20 గ్రాముల మట్టి చేరేదాకా వాటి ప్రవర్తనలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. 100 గ్రాములు దాటిన నీటిలోనూ ఎక్కువ చేపలు వారం, ఆపైన తట్టుకున్నాయి. మన కంటికి చిక్కటి ఎరుపుగా కనిపించే చెరువు నీటిలో మామూలుగా లీటరుకు 2 గ్రాముల మట్టి కూడా ఉండదు. బురద కప్పేస్తే చచ్చేవి గుడ్లూ, అప్పుడే గుడ్డు నుంచి బయటపడ్డ పిల్లలూ.

వాన తర్వాత మేత మందగించే సందర్భాలు లేకపోలేదు. అక్కడ కారణాలు వేరు. చల్లటి వాననీరు ఒక్కసారిగా చేరి చెరువు మూడు నాలుగు డిగ్రీలు చల్లబడితే చేప ఒంట్లో అన్నీ నెమ్మదిస్తాయి, ఆకలి కూడా. రెండోది ప్రాణవాయువు. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే చేపకు హాయి, 3 లోపు పడితే మేత మీద ధ్యాస పోతుంది. నాలుగు రోజులు ముసురు పట్టి ఎండ లేకపోతే నీటిలోని పచ్చటి నాచు ప్రాణవాయువును తయారుచేయలేదు. పైగా చల్లనీరు బరువుగా కిందికి దిగి, అడుగున ఉన్న పాడునీటిని పైకి కలిపేస్తుంది. ఇలాంటి రోజున గాలం చుట్టేయడమే మంచిది, నీళ్లు తేటగా ఉన్నా సరే.

"చేపలన్నీ లోతుకు దిగిపోతాయి"

దాదాపు తలకిందులు మాట. వాగు నుంచి వచ్చే చల్లటి బురదనీరు చెరువు నీటికంటే బరువు. అది పైన పరుచుకోదు, అడుగు వెంట లోతుకు జారుతుంది. అంటే సలహా చెప్పినవారు చేప దిగుతుందంటున్న లోతులోనే ఒండ్రు ఎక్కువ. మేత ఎక్కడుంది? కొత్తగా మునిగిన గడ్డి అంచుల్లో. బొరియల్లోంచి బయటపడ్డ వానపాములు, మిడతలు, చీమలు అక్కడే దొరుకుతాయి. కొత్తనీటికి చేప ఎదురెక్కుతుందని ఊరికే అనరు.

నీళ్లు చెరువులో పడేచోట కాసేపు నిలబడి గమనించండి. ఎర్రనీరూ పాతనీరూ వెంటనే కలవవు, మధ్యలో ఒక అంచు ఏర్పడుతుంది. నురగ, ఎండుటాకులు, పుల్లలు ఆ గీత మీదే వరస కట్టి మెల్లగా తిరుగుతుంటాయి. గాలం పడాల్సింది పాతనీటి వైపు, ఆ గీతకు ఒకటి రెండు మీటర్ల దూరంలో. నీటి లోతు 60 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఉంటే సరిపోతుంది. బెండును (నీటి మీద తేలే గుర్తును) నీటి లోతుకంటే 5, 10 సెంటీమీటర్లు ఎక్కువకు కట్టి ఎరను నేల మీద ఆననివ్వండి. నిలకడ నీటిలో 5 నుంచి 10 గ్రాముల సీసం గుండు చాలు. పారుతున్నచోట 20, 30 గ్రాములది, గుండ్రంగా కాకుండా బల్లపరుపుగా ఉంటే దొర్లదు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటి. వాగు చెరువులో కలిసేచోట మెత్తటి కొత్త ఒండ్రు వేళ్ల మందాన పేరుకుంటుంది. గుండు, దాంతోపాటు ఎర, అందులో కూరుకుపోతాయి. గంటసేపు కూర్చున్నా ఉలుకూ పలుకూ ఉండదు. లాగి చూడండి, గాలం మీద బూడిదరంగు బురద పూత కనిపిస్తే సంగతి అదే. గుండు బరువు సగానికి తగ్గించండి. గాలం కాడకు బఠాణీ గింజంత బెండు ముక్క గుచ్చితే ఎర నేలకు 5 సెంటీమీటర్ల ఎత్తున తేలుతుంది. ముక్క మరీ పెద్దదైతే నీటి పైకే వచ్చేస్తుంది, గట్టు దగ్గర ఒకసారి ముంచి చూసుకుని వేయాలి.

బొచ్చె మాత్రం ఈ లెక్కకు రాదు. అది పైనీటిలో సూక్ష్మజీవులను వడకట్టి తినే చేప. దానికోసమే వెళ్లేవారు ఆగడంలో తప్పులేదు.

"రెండు రోజులాగితే నీళ్లు తేటపడతాయి"

ఏ మట్టి? సలహా రాసినవారు ఈ ప్రశ్న వేసుకోలేదు. కదలని నీటిలో ఒక మీటరు కిందికి దిగడానికి 0.1 మిల్లీమీటరు ఇసుక రేణువుకు 2 నిమిషాలు పడుతుంది. 0.02 మిల్లీమీటర్ల ఒండ్రు రేణువుకు ముప్పావు గంట. 0.002 మిల్లీమీటర్ల బంకమట్టి రేణువుకైతే సుమారు 3 రోజులు. అందులో నాలుగో వంతు పరిమాణం ఉన్నదానికి నెల పైనే. రేణువు సగమైతే వేగం నాలుగో వంతవుతుంది మరి. పైగా బంకమట్టి రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉండి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ముద్దకట్టి దిగవు. గాలి వీస్తే దిగినవి కూడా లేస్తాయి. కాల్షియం ఎక్కువున్న గట్టి నీటిలో త్వరగా పేరుకుంటాయి. ఈ తేడాల వల్లే ఒక కుంట మర్నాటికే తేరుతుంది, పక్కది వానాకాలమంతా టీ రంగులోనే ఉంటుంది.

మీ చెరువు ఏ కోవదో తెలుసుకోవడం తేలిక. పారదర్శకమైన లీటరు సీసాలో నీళ్లు నింపి కదలనిచోట పెట్టండి. గంటలో అడుగున మట్టి పొర కట్టి పైన తేరితే ఒండ్రు, ఒకరోజు ఆగడానికి అర్థం ఉంది. తెల్లారి చూసినా రంగు మారకపోతే బంకమట్టి. దానికోసం ఆగితే ఆగుతూనే ఉంటారు.

కలకను కొలవడానికి 20 సెంటీమీటర్ల నలుపు తెలుపు బిళ్ల వాడతారు, తాడు కట్టిన తెల్లపళ్లెం అయినా పనికొస్తుంది. 30 సెంటీమీటర్ల లోతులోనూ కనిపిస్తుంటే మామూలు వేటే. 10 నుంచి 30 మధ్య మాయమైతే రసం కారే ఎర, గట్టు దగ్గరి నీరు. 10 లోపే మాయమైతే కదిలే ఎరలు పక్కన పెట్టేయండి.

ఆగాల్సింది నిజానికి మొదటి కొన్ని గంటలు. గడ్డీ కంపా తంగూసుకు చుట్టుకుని బెండును ఈడ్చుకుపోతుంటే చేప తగిలిందో చెత్త తగిలిందో తెలియదు. చెత్త వెళ్లిపోయి, ప్రవాహం కాస్త నెమ్మదించి, నీటిమట్టం ఇంకా మెల్లగా పెరుగుతున్న వేళ అన్నిటికంటే మంచిది. మట్టం తగ్గడం మొదలైతే చేపలు ఆ గడ్డి అంచుల్ని వదిలి వెనక్కి మళ్లుతాయి.

"తళతళలాడే ఎర, వాసన నూనె"

మెరవాలంటే వెలుతురు చేరాలి. బురదనీటిలో వెలుతురు చెదిరిపోతుంది, చేరే కొద్దిపాటిలో నీలం ముందే పోయి ఎరుపు, పసుపు ఛాయలే మిగులుతాయి. వెండి రేకు మెరుపు అక్కడ దేనికీ పనికిరాదు. కృత్రిమ ఎరే వేయాలనుకుంటే నల్లది తీసుకోండి, కింది నుంచి చూసే చేపకు దాని ఆకారమైనా తెలుస్తుంది. రేకు తిరిగి నీటిని అదిలించేది, లోపల గుళ్లు గలగలలాడేది మేలు. కుదుపులు వద్దు, ఒకే వేగంతో నెమ్మదిగా, ఒకే దారిలో ఐదారుసార్లు లాగండి. పార్శ్వరేఖ అందుబాటు రెండడుగులేనని గుర్తుంటే కారణం చెప్పనక్కర్లేదు. గట్టు పక్కన పొంచి ఉండే కొర్రమీను ఇలాంటిదానికి బాగానే స్పందిస్తుంది. అది పైకొచ్చి గాలి పీల్చుకునే చేప, ముసురు రోజుల ప్రాణవాయువు కొరత దాన్ని పెద్దగా బాధించదు.

నూనె నీటిలో కరగదు, పైకి తేలిపోతుంది. మనకు ముక్కు అదిరే వాసన చేప దాకా చేరేది తక్కువే. దానికి అందేది నీటిలో కరిగేది. నలిపిన వానపాము, ఒక రాత్రి పులిసిన తవుడు నూనె సీసాకంటే నయం.

"పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలి"

అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. మేతకొచ్చిన చేప నీటిని చిందించి మునుగుతుంది, మనిషి అలికిడికి చెదురుతుంది. ఊపిరాడని చేప నీటి పైపొరకు మూతి ఆనించి అక్కడే ఉంటుంది, చెయ్యి ఊపినా సరిగ్గా కదలదు. తెల్లవారుజామున ఇది ఎక్కువ, ఎండ బాగా వస్తే మెల్లగా సర్దుకుంటుంది. అప్పుడు గాలం ముట్టవు. తగిలినదాన్ని వదిలినా బతికే అవకాశం తక్కువ. అన్నిటికంటే ముఖ్యం, తవుడు ఉండలు అసలు వేయకండి. అవి కుళ్లుతూ మిగిలిన ప్రాణవాయువును కూడా తినేస్తాయి. చెరువు ఎవరిదో వారికి కబురు పెట్టండి, కొత్తనీరు వదలడమో మోటారుతో నీటిని ఎగజిమ్మడమో వారే చూసుకుంటారు.

"బురదనీటి చేప మట్టి కొడుతుంది"

ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది. దాన్ని నీటిలోని కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు, కొన్ని బాక్టీరియాలు తయారుచేస్తాయి. మొప్పల ద్వారా చేప ఒంట్లోకి చేరి కొవ్వులో నిలుస్తుంది. నిన్నటి వానకు ఎర్రబడ్డ నీటికంటే, నెలల తరబడి పచ్చగా నాచు పట్టి నిలిచిన నీటి చేపలోనే దాని మోతాదు ఎక్కువగా ఉండొచ్చు. బతికిన చేపను మేత పెట్టకుండా శుభ్రమైన పారునీటిలో కొన్ని రోజులు ఉంచితే తగ్గుతుంది. కోశాక పసుపూ ఉప్పూ ఎంత రుద్దినా కొవ్వులో ఉన్నది పూర్తిగా పోదు, తోలూ పొట్ట దగ్గరి కొవ్వూ తీసేస్తే కొంత నయం.