లిట్మస్ చూడని ఏడో క్లాసు

మా అమ్మాయి ఏడో క్లాసు. మొన్న రాత్రి యూనిట్ టెస్టుకి చదువుతూ నీలి లిట్మస్ యాసిడ్‌లో ఎర్రగా, ఎర్ర లిట్మస్ బేస్‌లో నీలంగా మారుతుందని ఇంగ్లిషులో ఎక్కాల్లా వల్లెవేస్తోంది. "లిట్మస్ ఎలా ఉంటుందే?" అనడిగా. "ఏదో పేపర్ నాన్నా, స్మార్ట్ బోర్డు మీద వీడియో వేశారు" అంది.

స్కూల్లో ల్యాబ్ లేక కాదు. అడ్మిషన్ రోజు తిప్పి మరీ చూపించారు. గాజు బీకర్లు, తెల్ల కోట్లు, మూలన అస్థిపంజరం. తొమ్మిదో క్లాసు దాకా పిల్లల్ని లోపలికి రానివ్వరట. సేఫ్టీ! ఫీజు రసీదులో ల్యాబ్ పేరు రాయడానికి మాత్రం ఏ సేఫ్టీ అడ్డం రాలేదు. టీచర్‌ని ఏమీ అనను. నలభై నిమిషాల పీరియడ్‌లో అటెండెన్స్‌కే పది పోతాయి. నాకు ఒళ్ళు మండేదల్లా ఈ పాఠానికి అసలు ల్యాబే అక్కర్లేదు కాబట్టి.

ఆదివారం బెంగళూరు మారతహళ్ళిలో మా వీధి చివర బీడా అంగడికి పంపితే "స్వల్ప సుణ్ణ కొడి" (కొంచెం సున్నం ఇవ్వండి) అని కన్నడంలో అడిగి చిన్న పొట్లం తెచ్చింది. తెల్ల కాగితానికి పసుపు నీళ్ళు పూసి ఆరబెట్టాం. సున్నం నీళ్ళ చుక్క పడగానే ఎర్రబడింది. సబ్బు నీళ్ళకీ అంతే. ఆ ఎరుపు మీద నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు. మా అమ్మ సోఫాలోంచి, "దీనికింత హడావుడేంట్రా, ఎర్రనీళ్ళేగా" అంది. నిజమే. కొత్త కోడలికి గడపలో దిష్టి తీసే నీళ్ళూ, కాళ్ళకి పెట్టే పారాణీ పసుపూ సున్నమే కదా.

అప్పుడు పిల్ల అడిగింది. "నిమ్మరసం వేసినా పసుపే, మంచినీళ్ళు వేసినా పసుపే. మరి ఏది యాసిడో ఎలా తెలుస్తుంది?" ఏడాదంతా వల్లెవేసినా ఈ ప్రశ్న వచ్చేది కాదు. పసుపుకి ఆ తేడా తెలీదు, మందారానికి తెలుస్తుంది. ఎర్ర మందార రేకులు వేడినీళ్ళలో నానబెట్టి, ఆ రంగునీళ్ళలో నిమ్మరసం వేస్తే ముదురు గులాబీ, వంటసోడా వేస్తే ఆకుపచ్చ. 1664లో రాబర్ట్ బాయిల్ రాసింది కూడా పూల సంగతే. వయొలెట్ పూల పానకం యాసిడ్‌లో ఎర్రగా, క్షారంలో, అంటే బేస్‌లో, ఆకుపచ్చగా మారుతుందని.

సేఫ్టీ గురించి అంత బెంగ ఉంటే, బాత్రూం కడిగే యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుందని చెప్పండి. ఎన్ని ఇళ్ళలో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయో! మా పిల్ల నోట్సంతా వెతికాను, ఆ ముక్క ఎక్కడా లేదు. సున్నం కళ్ళలో పడితే ప్రమాదమే, ఒప్పుకుంటా. అందుకే దానికి ఈత కళ్ళద్దాలు పెట్టించి, నేను పక్కనే కూర్చున్నా.

సాయంత్రానికి సున్నం అడుక్కి దిగింది. పైన తేటని గ్లాసులోకి వంచి, "పీల్చకు, ఊదు" అని స్ట్రా ఇచ్చా. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కాల్షియం కార్బొనేట్ ఏర్పడి నీళ్ళు పాలలా అయ్యాయి. ఇక్కడితో ఆపేద్దామనుకున్నా. అది ఆపలేదు, బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదింది. చూస్తుండగానే తెలుపు విరిగి మళ్ళీ తేటగా అయిపోయాయి. కార్బొనేట్ కాస్తా నీళ్ళలో కరిగే బైకార్బొనేట్ అయిందన్నమాట.

"మరి ఇప్పుడు కాస్తే?" అంది. స్టీలు గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాం. కాసేపటికి మళ్ళీ తెల్లబడ్డాయి.

మా అపార్ట్‌మెంటుకి బోరు నీళ్ళే. పోయిన నెల మెకానిక్ గీజర్ విప్పి, రాడ్‌కి కట్టిన తెల్లటి పొలుసు గీకి న్యూస్ పేపర్ మీద పోస్తుంటే ఇది పక్కనే నిలబడి చూసింది.

"నాన్నా, గీజర్‌లోది ఇదేనా?"

అదేనమ్మా.