గాలిని కొలిచే పిల్లలు

తెల్లని అట్టముక్క మీద వాజిలిన్ పల్చగా పూసి, బడి గేటు దగ్గర వాన తడపని చోట వారం రోజులు కట్టి ఉంచండి. అలాంటిదే ఇంకొకటి లోపలి చెట్ల మధ్య కట్టండి. తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒక చదరపు సెంటీమీటరులో ఎన్ని నల్ల చుక్కలు అంటుకున్నాయో భూతద్దంతో పిల్లలనే లెక్కించమనండి. లెక్క తేలేలోపే ఎవరో ఒకరు 'ఇదంతా మనం పీలుస్తున్నామా?' అని అడుగుతారు.

ఈ ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పాలి. అట్టకు అంటినది ముతక ధూళి. అందులో చాలా భాగం ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. ఊపిరితిత్తుల లోతుకు చేరే పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నని ధూళి) కణం వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతే కనుక భూతద్దానికీ చిక్కదు. దాన్ని అంచనా వేసే చిన్న లేజర్ సెన్సర్లున్నాయి. పొగమంచు రోజున అవి నీటి తుంపరలనూ ధూళిగా లెక్కగట్టి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. పరికరం చూపిన అంకెను కూడా పిల్లలు అనుమానించడం నేర్చుకుంటే, అది మాకు ఆ అంకె కన్నా విలువైనది.

ఖర్చు లేని సాధనమూ ఉంది. చెట్ల బెరడు మీద పొక్కుల్లా, పొరల్లా పెరిగే లైకెన్లు గాలి చెడితే తగ్గిపోతాయి. పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో వాటిని పరిశీలించి, గాలి నాణ్యతకు ఇవే కొలమానమని వృక్షశాస్త్రవేత్త విలియం నైలాండర్ 1866లోనే గుర్తించారు. రోడ్డు పక్క చెట్టునూ, దూరంగా ఉన్న అదే జాతి చెట్టునూ పోల్చి చూడటం పిల్లలు చేయగలిగిన పనే.

పిల్లలు పెద్దలకన్నా వేగంగా ఊపిరి తీస్తారు. వారి ముఖాలు వాహనాల పొగగొట్టాల ఎత్తుకు దగ్గరగా ఉంటాయి. అందుకే వారిని రద్దీ రోడ్డు పక్కన గంటల తరబడి నిలబెట్టి కొలతలు తీయించకూడదు; ఉబ్బసం ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

కొలిచిన తర్వాత ఏమిటన్నదే మా ఆందోళన. బడి వదిలే వేళ గేటు ముందు ఇంజిన్ ఆపకుండా నిలిచిన వాహనాలెన్నో పిల్లలు లోపలి నుంచే లెక్కించి, ఆ పట్టికను సెన్సర్ అంకెలతో కలిపి ప్రధానోపాధ్యాయులకు ఇవ్వాలి. వారు దాన్ని ప్రాజెక్టు మార్కులు వేసి బీరువాలో పెట్టకుండా తల్లిదండ్రుల సమావేశంలో చదివించాలి. ఇంజిన్లు ఆపించిన వారం మళ్లీ కొలిచే అవకాశం ఆ పిల్లలకే ఇవ్వాలి.