నేల మీద రెండో పైలట్‌ ఉత్సవ విగ్రహమేనా?

ఈ మధ్య ఒక ఫార్వర్డ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "విమానం గాల్లోకి లేచేదాకా ఇద్దరు పైలట్లు అక్కర్లేదు. గేటు నుంచి రన్‌వే దాకా వెళ్లడం మెల్లగా కారు నడిపినట్టే. కెప్టెన్ తిప్పుతాడు, టవర్ దారి చెబుతుంది, తెర మీద మ్యాప్ ఉంటుంది. పొగమంచు ఉంటే తప్ప దారి తప్పే ప్రశ్నే లేదు. సీనియర్ కెప్టెన్ ఉంటే పక్కవాడు ఉత్సవ విగ్రహమే."

మెల్లగా వెళ్తారన్న మాట వరకు నిజమే. తిన్నని టాక్సీవే (గేటుకూ రన్‌వేకీ మధ్య దారి) మీద కూడా మామూలుగా 30 నాట్లు, అంటే గంటకు 55 కిలోమీటర్లు దాటరు. గట్టి మలుపుల్లో 10 నాట్లకు తగ్గిస్తారు. కానీ మన వేగం తక్కువైతే ఏం లాభం? పొరపాటున మనం ఎక్కిన రన్‌వే మీద ఇంకో విమానం గంటకు 250 కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తూ ఉండొచ్చు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో 583 మంది చనిపోయింది నేల మీదే. రన్‌వే మీద టాక్సీ చేస్తున్న (మెల్లగా నేల మీద వెళ్తున్న) ఒక బోయింగ్ 747ను, టేకాఫ్‌కి పరిగెడుతున్న మరో 747 ఢీకొట్టింది.

ఇక "కెప్టెన్ తిప్పుతాడు కదా" అన్నది. తిప్పుతాడు. ముక్కు చక్రాన్ని తిప్పే చిన్న పిడి, టిల్లర్, చాలా విమానాల్లో ఎడమ సీటు పక్కనే ఉంటుంది. తిప్పడం తేలికే, ఎక్కడ తిప్పాలో తెలియడమే కష్టం. కంట్రోలర్ గుక్కతిప్పుకోకుండా చెబుతాడు: "టాక్సీ టు రన్‌వే 27, వయా బ్రావో, డెల్టా, హోల్డ్ షార్ట్ ఆఫ్ రన్‌వే 33." అంటే బ్రావో, డెల్టా అనే టాక్సీవేల మీదుగా 27వ రన్‌వేకి వెళ్లండి, 33వ రన్‌వే ముందు ఆగండి అని. కుడి సీటులో ఉన్న రెండో పైలట్, ఫస్ట్ ఆఫీసర్, రాసుకుని, తిరిగి చదివి వినిపిస్తాడు. తర్వాత ఇద్దరూ చార్ట్ చూసి ఒకే దారి అనుకుంటున్నారో లేదో తేల్చుకుంటారు. కదిలాక ఫస్ట్ ఆఫీసర్ ముందుగానే చెబుతూ ఉండాలి: "వచ్చే ఎడమ మలుపు డెల్టా. ఆ తర్వాత 33, అక్కడ ఆగాలి." కిటికీలోంచి బోర్డులు సరిచూడాలి. నల్ల బోర్డు మీద పసుపు అక్షరం ఉంటే మనం ఉన్న టాక్సీవే అది. పసుపు మీద నల్ల అక్షరాలైతే దారి చూపే బోర్డు. ఎర్ర బోర్డు మీద తెల్ల అంకెలు కనిపిస్తే ఎదురుగా రన్‌వే ఉన్నట్టు, అనుమతి లేకుండా అంగుళం కదలకూడదు. రన్‌వే దాటే ముందు ఎడమవైపు ఒకరు, కుడివైపు ఒకరు చూసి "క్లియర్" అని పైకి అనాలి.

ఇదంతా జరుగుతుండగానే రెండో ఇంజిన్ స్టార్ట్ చేయాల్సి రావొచ్చు, టేకాఫ్ లెక్కలు మారితే కంప్యూటర్‌లో మార్చాలి, చెక్‌లిస్ట్ చదవాలి. అందుకే తల దించేవాడు "కిందికి చూస్తున్నా" అని చెప్పి మరీ దించాలి. రన్‌వే దగ్గరపడుతుంటే ఆ పనులు ఆపేయాలి. ఇద్దరి తలలూ ఒకేసారి కిందికి దిగాయంటే విమానానికి కళ్లు లేనట్టే.

పొగమంచు సంగతి. 2023 జనవరి 13 రాత్రి న్యూయార్క్ జేఎఫ్‌కేలో పొగమంచు లేదు. అయినా అమెరికన్ ఎయిర్‌లైన్స్ 777 ఒకటి అనుమతి లేని రన్‌వేను దాటేసింది. అదే రన్‌వే మీద టేకాఫ్ పరుగులో ఉన్న డెల్టా 737ను కంట్రోలర్ కేకేసి ఆపించాడు. తాము వెళ్లాల్సిన రన్‌వే ఏదన్నదే కెప్టెన్ మనసులో మారిపోయింది. ఆ క్షణంలో ఫస్ట్ ఆఫీసర్ తల దించుకుని వేరే పనిలో ఉన్నారు. 2024 జనవరి 2న టోక్యో హనెడాలోనూ అంతే. కోస్ట్ గార్డ్ విమానానికి హోల్డింగ్ పాయింట్ (రన్‌వే ముందు ఆగాల్సిన చోటు) దాకా వెళ్లమని చెప్పారు, టేకాఫ్ వరసలో నంబర్ వన్ అన్నారు. వాళ్లు రీడ్‌బ్యాక్ (విన్నది తిరిగి చదివి వినిపించడం) సరిగ్గానే ఇచ్చారు. ఇచ్చి, నేరుగా రన్‌వే ఎక్కేశారు. దిగుతున్న ఎయిర్‌బస్ ఏ350 ఢీకొట్టడంతో కోస్ట్ గార్డ్ విమానంలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. ఎయిర్‌బస్‌లోని 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

సీనియారిటీ వాదనకు టెనెరిఫే ఒక్కటి చాలు. అక్కడ టేకాఫ్‌కి పరిగెత్తిన 747 కెప్టెన్, డచ్ విమాన సంస్థ కేఎల్‌ఎం వాడు, ఆ కంపెనీలో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్దమనిషి. విమానం పరుగు మొదలుపెట్టాక, ఎదుటి విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదా అని వెనక సీటులోంచి ఫ్లైట్ ఇంజినీర్ అడిగాడు. చేసింది, అని కెప్టెన్ తేల్చేశాడు. రెండో మాట రాలేదు.

అలాగని జూనియర్ మాట వింటే గండం గడిచినట్టూ కాదు. ఫార్వర్డ్‌ను తిట్టేవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు. 1990 డిసెంబర్ 3న అమెరికాలోని డెట్రాయిట్‌లో దట్టమైన పొగమంచు. చాలాకాలం సెలవులో ఉండి అప్పుడే డ్యూటీకి వచ్చిన డీసీ-9 విమానం కెప్టెన్, ఈ ఎయిర్‌పోర్ట్ నాకు బాగా తెలుసన్న ఫస్ట్ ఆఫీసర్ మీద దారి మొత్తం వదిలేశాడు. ఆయనకూ దారి తెలియలేదు, ఆ మాట ఒప్పుకోనూ లేదు. టేకాఫ్ జరుగుతున్న రన్‌వే మీద తేలారు. టేకాఫ్ అవుతున్న బోయింగ్ 727 ఢీకొట్టింది, ఎనిమిది మంది పోయారు. కాక్‌పిట్‌లో ఇద్దరున్నారు, దారి చూసింది మాత్రం ఒక్కడే. పక్కవాడి పని తలూపడం కాదు. తన లెక్క తను కట్టుకుని, తేడా కనిపిస్తే నోరు విప్పడం.

తెర మీద మ్యాప్ ఉంటే మంచిదే, ఎవరూ కాదనరు. కానీ చూసేవాడుండాలి. 2006 ఆగస్టు 27 తెల్లవారుజామున అమెరికాలోని లెక్సింగ్టన్‌లో ఒక ప్రాంతీయ జెట్ 22వ రన్‌వేకి బదులు 26 ఎక్కింది. దాని పొడవు 3,500 అడుగులు, వెళ్లాల్సినదానిలో సగం. పైలట్ల ముందున్న దిక్సూచి ముల్లు వెళ్లాల్సిన దిక్కుకు దాదాపు 40 డిగ్రీల తేడా చూపిస్తూనే ఉంది. లైట్లు లేవేంటి, వింతగా ఉంది అని ఫస్ట్ ఆఫీసర్ అన్నాడు, అవునన్నాడు కెప్టెన్. ఇద్దరూ ఒప్పుకున్నారు, ఎవరూ ఆపలేదు. 50 మందిలో మిగిలింది ఆ ఫస్ట్ ఆఫీసర్ ఒక్కడే. టాక్సీ చేస్తూ వాళ్లు పనికి సంబంధం లేని కబుర్లు చెప్పుకున్నట్టు రికార్డర్‌లో బయటపడింది. అలాంటి కబుర్లు వద్దని అమెరికాలో 1981 నుంచే 'స్టెరైల్ కాక్‌పిట్' నిబంధన ఉంది, అది టాక్సీకీ వర్తిస్తుంది.

టవర్ చూసుకుంటుందా? లెక్సింగ్టన్ టవర్‌లో ఆ వేళ ఉన్నది ఒకే కంట్రోలర్. టేకాఫ్ అనుమతి ఇచ్చి వేరే పని చూసుకోవడానికి అటు తిరిగాడు. అమెరికాలో 2010 దాకా, ఫలానా రన్‌వేకి టాక్సీ చేయమంటే దారిలో వచ్చే రన్‌వేలు దాటడానికీ అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఆ ఏడాది దాన్ని మార్చి, ప్రతి రన్‌వేకీ విడిగా అనుమతి ఉండాలన్నారు.

1999 డిసెంబర్ 6 రాత్రి అమెరికాలోని ప్రావిడెన్స్‌లో టవర్ మాటే తప్పింది. పొగమంచులో దారి తప్పిన యునైటెడ్ సంస్థ 757 విమానం వాడుకలో ఉన్న రన్‌వే మీద నిలబడిపోయింది. ఫెడెక్స్ విమానం ఒకటి దానికి అతి దగ్గరగా టేకాఫ్ అయిపోయింది. మేం రన్‌వే మీదున్నామని సిబ్బంది రేడియోలో మొత్తుకుంటుంటే, అది వాడుతున్న రన్‌వే కాదని కంట్రోలర్ వాదించింది. వరసలో తర్వాతున్న మెట్రోజెట్ విమానానికి టేకాఫ్ అనుమతి కూడా ఇచ్చేసింది. ఆ పైలట్లు అప్పటిదాకా రేడియోలో అంతా వింటూనే ఉన్నారు. వద్దన్నారు. మళ్లీ అనుమతి ఇచ్చినా కదల్లేదు. యునైటెడ్ గేటు చేరిందని ఖాయమయ్యాకే రన్‌వే ఎక్కారు.