చట్టం వద్దన్నా ఆగని పాలుసాగు

ఒడిశా గజపతి జిల్లా కాశీనగరం చుట్టుపక్కల ధాన్యం కళ్లాల మీదికి వచ్చే రోజుల్లో కాసేపు ప్రభుత్వం ధాన్యం కొనే మండీ దగ్గర నిలబడితే చాలు. భూమి గురించి ఒడిశా రాసుకున్న చట్టానికీ, నేల మీద నడిచే బతుకుకూ మధ్య దూరం తెలిసిపోతుంది. దుక్కి దున్నినవాడు ఒకడు. ఆకుమడి వేసింది, ఉడుపులు ఉడిచింది, కోసి నూర్చింది వాడి ఇంటివాళ్లే. ధాన్యం అమ్ముకునే టోకెన్ మాత్రం పట్టా ఉన్న ఇంకొకరి పేరు మీద వస్తుంది. ధాన్యం డబ్బూ ఆ పేరున్న ఖాతాలోనే పడుతుంది. తన వాటా ఎప్పుడు చేతికొస్తుందా అని పండించినవాడు ఆ ఇంటి అరుగు మీద రోజుల తరబడి కూర్చుంటాడు.

వంశధారకు అటూ ఇటూ ఉన్న మా తెలుగు పల్లెల్లో దీన్ని పాలుకు చెయ్యడం అంటాం. ఒడియాలో భాగచాస. పేరేదైనా లెక్క ఒక్కటే, పంటలో సగం భూమిదారుకి. విత్తనం, ఎరువు, కూలి, ట్రాక్టరు కిరాయి చాలాచోట్ల పాలుదారు నెత్తినే.

భాగచాసి మండీలో తన పేరు నమోదు చేసుకోవడానికి వీలుంది. కాకపోతే భూమిదారు ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. ఆ సంతకం దగ్గరే బండి ఆగిపోతుంది. ఎందుకో తెలియాలంటే 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టం దాకా వెళ్లాలి. ఆ చట్టం కౌలునే కాదంది. వితంతువులు, వికలాంగులు, సైన్యంలో పనిచేసేవారు వంటి కొందరికి తప్ప భూమిని ఇంకొకరి సాగుకు ఇవ్వడం కుదరదు. ఇచ్చినచోట కూడా కౌలు పంటలో నాలుగో వంతు దాటకూడదు. దున్నేవాడికే భూమి దక్కాలన్న ఆశయంతో రాసిన మాటలివి. ఆ ఆశయాన్ని నేను గౌరవిస్తాను. అయితే భూమి చేతులు మారకుండా కౌలును మాత్రమే నిషేధిస్తే జరిగేది ఒక్కటే. కౌలు అలాగే ఉంటుంది, కౌలుదారు కాగితం మీద నుంచి మాయమవుతాడు.

భూమి ఎందుకు చేతులు మారలేదు? పర్లాకిమిడి, జయపురం సంస్థానాల కింద నలిగిన ఈ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో చేరింది. 1951 చట్టంతో జమీందారీలు పోయాయి. 1970ల్లో భూపరిమితిని పది ప్రామాణిక ఎకరాలకు దించారు. వినడానికి తక్కువే. కానీ ప్రామాణిక ఎకరా అంటే రెండు పంటలు పండే మంచి నీటివసతి ఉన్న ఎకరా. నాసిరకం మెట్టయితే నాలుగున్నర ఎకరాలు కలిపి ఒక ప్రామాణిక ఎకరా. అంటే పదికి నలభై ఐదు. ఆ పైన అన్నదమ్ముల పేర్లు, కొడుకుల పేర్లు ఉండనే ఉన్నాయి. మిగులు భూమిగా తేలి పంచిన వాటిలో రాళ్ల నేలలే ఎక్కువన్నది ఊళ్లలో ఎవరినడిగినా చెప్పే మాట.

వినోబా భావే 1955లో కోరాపుట్ జిల్లాలో నడిచినప్పుడు వందల ఊళ్లు గ్రామదానానికి ముందుకొచ్చాయి. అప్పటి కోరాపుట్‌లోనే ఇప్పటి రాయగడ, గుణుపురం కూడా ఉండేవి. ఊరి భూమి ఊరందరిదీ అనుకున్న ఆ పూనిక ఎంత గొప్పదో తలచుకుంటే ఇప్పటికీ గుండె నిండుతుంది. చాలాచోట్ల రికార్డుల్లో పేర్లు మాత్రం మారలేదు. పేరు మారని చోట దానం ఒక తరం జ్ఞాపకంగా మిగిలిపోయింది.

నాలుగో వంతుకీ సగానికీ తేడా ఎంతో చూడండి. ఎకరాకు 20 క్వింటాళ్లు పండాయనుకుందాం. చట్టం లెక్కన భూమిదారుకి 5, వాడుక లెక్కన 10. ఒడిశాలో 2024 ఖరీఫ్ ధాన్యానికి మద్దతు ధర 2,300 మీద రాష్ట్రం మరో 800 కలిపి క్వింటాలుకు 3,100 రూపాయలు ఇచ్చింది. ఆ ధరకు ఆ ఐదు క్వింటాళ్లు 15,500 రూపాయలు. ఒక్క ఎకరా, ఒక్క పంట మీద. చట్టం వాడిదని చెప్పిన ఈ డబ్బును అడిగే దారే పాలుదారుకి లేదు. అడిగితే మరుసటి ఏడాది మడి ఉండదు. ఒకే మడిలో వరసగా చేస్తే హక్కు అడుగుతాడేమోనన్న భయంతో కొందరు భూమిదారులు ఏటేటా మడి మార్చేస్తారు. వచ్చే ఏడు తనది కాని గట్టుకు ఎవరు మట్టి వేస్తారు? పశువుల గెత్తం ఎవరు తోలుతారు? పైగా ఒక బస్తా ఎరువు అదనంగా వేస్తే ఖర్చంతా తనది, పెరిగిన పంటలో సగమే తనది. దిగుబడి తగ్గడం వాడి బద్ధకం వల్ల కాదు, ఒప్పందం తీరే అలాంటిది.

పశ్చిమ బెంగాల్ 1978లో ఆపరేషన్ బర్గా మొదలుపెట్టి, పాలుదారుల పేర్లను ఊరూరా తిరిగి రాసుకుంది. భూమిదారు వాటా ఇస్తున్నంత కాలం పేరు నమోదైన బర్గాదారును ఇష్టం వచ్చినట్టు తీసెయ్యడానికి లేదు, పెట్టుబడి వాడిదే అయితే పంటలో 75 శాతం వాడిది. 14 లక్షలకు పైగా పేర్లు అలా ఎక్కాయి. అభిజిత్ బెనర్జీ, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన అధ్యయనం ఈ భద్రత వల్ల దిగుబడి కూడా పెరిగిందని తేల్చింది.

అయితే బర్గాను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకుందామని నేను అనడం లేదు. తైవాన్ అనుభవం ఒక హెచ్చరిక. 1949లో అక్కడ కౌలును పంటలో 37.5 శాతానికి దించారు, 1953లో భూస్వాముల మిగులు భూమిని కౌలుదారులకే అమ్మించారు. భూమి పంపకంలో అదొక పెద్ద విజయం. కానీ కౌలు తగ్గించిన చట్టం వల్ల ఒకసారి కౌలుకిచ్చిన భూమి తిరిగి రాదన్న భయం పుట్టి, తర్వాతి కాలంలో భూమిదారులు కొత్తగా కౌలుకివ్వడానికే వెనకాడారు.

మన దగ్గర ఈ రోజు భూమిని పాలుకిచ్చేవాళ్లు ఎవరు? అందరూ పాతకాలం షావుకార్లు కారు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లినవాడు, కేరళలో కూలికి వెళ్లినవాడు, ఎకరంన్నర భూమితో మిగిలిన భర్త లేని ఆడమనిషి. మా వీధిలోనే ఒక పిన్ని ఉంది. పొలం తన పేరుకు మారకపోవడంతో, మరిది అడ్డం తిరుగుతాడేమోనని రెండేళ్లు బీడు పెట్టుకుంది తప్ప పరాయివాళ్లకు పాలుకివ్వలేదు. ఇథియోపియాలోని టిగ్రే ప్రాంతంలో 1990ల చివర తక్కువ ఖర్చుతో ఇంటింటికీ భూమి పత్రాలు ఇచ్చినప్పుడు, ఆడవాళ్లు ఇంటి పెద్దలుగా ఉన్న కుటుంబాలు ధైర్యంగా కౌలుకివ్వడం పెరిగిందని పరిశోధకులు గమనించారు. పత్రం చేతిలో ఉంటే భూమి పోతుందన్న భయం పోయింది. పాలుదారు భయానికీ, ఇలాంటి చిన్న భూమిదారు భయానికీ మందు ఒక్కటే.

ఇక గుణుపురం వైపు వెళ్దాం. కాశీనగరం షెడ్యూల్డు ప్రాంతం, అంటే ఆదివాసీల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం కాదు, ఏటికి ఎగువన గుణుపురం షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ ఆదివాసీ భూమిని కాపాడేది 1956 నాటి రెండో రెగ్యులేషన్. 2023 నవంబరులో ఒడిశా మంత్రివర్గం సబ్‌కలెక్టర్ అనుమతితో ఆ భూములను గిరిజనేతరులకు బదిలీ చేసే వీలు కల్పించాలని నిర్ణయించి, నిరసనలు రావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. తగ్గడం మంచిదైంది. పత్తి చేలలో అక్కడ కౌలు తలకిందులుగా నడుస్తుంది. భూమి సవర ఆదివాసీ కుటుంబానిదే, సాగు పెట్టుబడి ఉన్న బయటివాడిది. అప్పు కింద చేను అప్పజెప్పి, అదే చేలో కూలికి వెళ్లేవాళ్లున్నారు. ఆ బయటివాళ్లలో తెలుగు మాట్లాడే మనవాళ్లూ ఉన్నారు. ఈ మాట మనం మనతోనే అనుకోవాలి. అందుకే 2016లో నీతి ఆయోగ్ కోసం టి. హక్ కమిటీ తయారుచేసిన, కౌలును చట్టబద్ధం చేసే నమూనా చట్టం మైదానానికి పనికొచ్చినా, కొండకు యథాతథంగా పనికిరాదు. అక్కడ కౌలు ఆదివాసీల మధ్యే ఉండాలి.

మైదానంలో అవసరమైన కాగితం చాలా చిన్నది. ఈ సీజనుకు ఈ మడి ఫలానావాడు చేస్తున్నాడు, దీనివల్ల యాజమాన్య హక్కు రాదు, ధాన్యం టోకెన్, పంట రుణం, నష్టపరిహారం మాత్రం వాడికే. సరిహద్దు ఆంధ్రలో 2019 చట్టం 11 నెలల ఒప్పందంతో ఇలాంటిదే చెయ్యబోయింది. అదీ భూమిదారు సంతకానికే కట్టుబడింది, సంతకం దొరకనివాడికి కార్డూ దొరకలేదు. సంతకం బదులు నాలుగు గట్ల రైతుల సాక్ష్యంతో ఊరి ఓటర్లందరూ కూర్చునే పల్లిసభే పేరు రాసుకోవాలి. ఏ మడి ఎవరు చేస్తున్నారో ఊరందరికీ తెలుసు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఊడ్చేసినప్పుడు, సాయం సాగుదారుకే అని ఎంత చెప్పినా సాగుదారు తానేనని చూపే ముక్క వాడి దగ్గర ఏముంటుంది?

కౌలుకు కాగితం ఇచ్చేశాం కదా అని ప్రభుత్వం పంపకం మాట మరిచిపోతే మాత్రం నేను ఒప్పుకోను. సెంటు భూమి లేనివాడికి కౌలు పత్రం సగం పంటనే భద్రంగా ఇస్తుంది. మిగిలిన సగం భూమి ఉన్నవాడి దగ్గరే ఉంటుంది. గ్రామదానంలో చిక్కుపడ్డ భూములు, 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద రావలసిన పట్టాలు, ఇచ్చి కూడా హద్దులు చూపించని పట్టాలు ముందు తేలాలి. వాటికి తోడు మా వీధి పిన్ని లాంటి ఆడవాళ్ల పేరున పొలం మార్పిడి జరగాలి.

ఇంకొక్క మాట. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు సవరల మాట నేర్చుకుని వాళ్ల భాషలోనే వాళ్లకు చదువు రావాలని పాటుపడ్డారు. అదే పర్లాకిమిడిలో నేటికీ తెలుగు పాలుదారు తన మడి వివరాలున్న ఒడియా కాగితాన్ని భూమి కొలిచే అమీను చదివి చెబితే తప్ప తెలుసుకోలేడు. పల్లిసభ రాసే పత్రం ఒడియాతో పాటు తెలుగులోనూ సవరలోనూ ఉండాలి. ఉడుపులు మొదలయ్యే ముందే ఆ పత్రాన్ని ఊళ్లో అందరి ముందూ బిగ్గరగా చదివి వినిపించాలి.