ఆనర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆనర్ గారి దివ్యసముఖమునకు, బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక తెలుగు శ్రోత నమస్కరించి వ్రాయునది.

తమరు ఇంగ్లీషులో క్రియాపదమనీ, గౌరవించడం తమ వృత్తి అనీ బళ్ళో చదువుకున్నాను. సన్మానగ్రహీతను వేదిక నడుమ కూర్చోబెట్టి మైకు ఇవ్వని మా సభలవారిలాగే, తమరు కూడా హెచ్ అక్షరాన్ని అందరికన్నా ముందు నిలబెట్టి నోరు మెదపనివ్వరు. నోవా వెబ్‌స్టర్ 1828 నాటి తన నిఘంటువులో తమ ఒంట్లోంచి యూ అక్షరాన్ని తీసేసినా తమ హోదాకు లోటు రాలేదు.

ఈ ఊళ్ళో మన వాళ్ళు జరిపిన ఒక ఉగాది సభలో వ్యాఖ్యాత తమరి పేరెత్తగానే, చిక్కపేటలో కొలత చూడకుండా కొన్న మైసూరు పేటా తలపాగా ఒకటి డెబ్బై దాటిన హరికథకుడి కనుబొమ్మల దాకా జారింది. శాలువా కప్పినవారు ఇద్దరే అయినా, దాని అంచు పట్టుకుని ఫోటోలో పడినవారు డజనుకు తక్కువ లేరు. కథ చెప్పడానికి ఆయనకు దక్కినది పావుగంట. ఆయన గొప్పతనం చెప్పడానికి వక్తలు తీసుకున్నది గంటన్నర.

చివరికి ఆయన చేతిలో పెట్టిన కవరులోని చెక్కును మాత్రం బ్యాంకులో తమరు ఆనర్ చేయలేదు. ఖాతాలో చాలినంత సొమ్ము లేదన్న చీటీతో అది తిరిగి వచ్చింది.

మనిషికి మర్యాద తప్పితే అడిగే దిక్కు లేదు గానీ, చెక్కుకు తప్పితే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ఉందని మేము ధైర్యం తెచ్చుకున్నాము. 1989 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న 138వ సెక్షన్ ప్రకారం బ్యాంకు కబురు అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో సొమ్ము చెల్లించకపోతే నేరమవుతుంది, శిక్ష రెండేళ్ళ జైలు దాకా, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ఇంత అభిమానం తమరు కాగితాల మీద చూపుతారని ఆ హరికథకుడికి అంతవరకూ తెలియదు పాపం.

అయితే ఆ సభ కార్యదర్శి గారు మాకన్నా బాగా చదువుకున్నవారు. ఆ సెక్షన్ చట్టరీత్యా రాబట్టుకోదగిన బాకీలకే వర్తిస్తుందనీ, కథకు ఇంత అని ఎవరూ బేరమాడలేదు గనుక ఇది బాకీ కాదనీ, కేవలం గౌరవార్థం ఇచ్చినదనీ ఆయన చిరునవ్వుతో సెలవిచ్చారు.

వచ్చే ఉగాదికి కూడా ఆ పెద్దాయననే పిలుస్తున్నారట. ఈసారి తమరు శ్రమపడి విచ్చేయవద్దనీ, తమ బదులు మూడక్షరాల పే గారిని, వీలైతే కథకు ముందే, పంపించవలసిందనీ ప్రార్థన.

చిత్తగించవలెను.