కింద ఆడనివ్వరు, పైన ఫీజు కడతారు

కూకట్‌పల్లి నుంచి నార్సింగి దాకా అపార్ట్‌మెంట్లలో 'పిల్లలు ఇక్కడ ఆడరాదు' అన్న బోర్డు మామూలైపోయింది. మొదట బాల్ వద్దన్నారు, తర్వాత సైకిల్ వద్దన్నారు, ఇప్పుడు రెండేళ్ల పిల్లాడు లాన్‌లో కూర్చుని మట్టి తవ్వినా వాచ్‌మన్ వచ్చి లేపేస్తున్నాడు. ఆ బోర్డు పెట్టించిన పెద్దమనుషులే మనవణ్ని ప్లే స్కూల్లో వేసి వేలకి వేలు కడుతున్నారు, ఎందుకయ్యా అంటే నలుగురిలో కలవడం రావాలంట! ఊరికే దొరికే నలుగురిని తరిమేసి, డబ్బులిచ్చి ఇంకో నలుగురిని తెచ్చుకోవడం ఏం తెలివో మరి.

అసలు ఆ వయసులో పిల్లలు కలిసి ఆడరు, పక్కపక్కన ఆడతారు. ఒకడు బకెట్లో ఇసుక పోస్తుంటాడు, ఇంకోడు కారు తోస్తుంటాడు, మాటా పలుకూ ఉండదు, కానీ ఓరకంట చూసుకుంటూనే ఉంటారు, కాసేపటికి రెండోవాడూ ఇసుక దగ్గరికే చేరతాడు. అమెరికా పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లోనే దీన్ని పారలల్ ప్లే అని రాసింది. బొమ్మ లాక్కోవడం, అవతలివాడు ఏడిస్తే తెల్లబోయి చూడటం, తన వంతు వచ్చేదాకా ఆగలేక ఆగడం, అన్నీ ఇక్కడే మొదలవుతాయి, రోజూ అవే మొహాలు ఎదురుపడితేనే వస్తాయి. ఫోన్లో రైమ్స్ పెడితే రావు, అందులో బొమ్మ లాక్కునేవాడు ఉండడు కదా. రెండేళ్ల పిల్లలకి రోజుకి గంటకు మించి స్క్రీన్ వద్దని 2019లో డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది, మరి మిగతా టైమ్ ఎక్కడ గడపాలి, బాల్కనీ గ్రిల్ పట్టుకునా?

సెల్లార్లో కార్లు రివర్స్ అవుతాయి, పెద్దవాళ్ల మధ్యాహ్నం నిద్ర పాడవుతుంది అంటారు, నిజమే. అయితే టైమ్ పెట్టండి, ఓ మూల చూపించండి. పెద్ద సైట్లలో ఖాళీ జాగా వదలాలని 2012 నాటి బిల్డింగ్ రూల్స్ జీవో 168లోనే ఉంది, టాట్ లాట్, అంటే చిన్నపిల్లలు ఆడుకునే జాగా, అన్న మాటతో సహా. బ్రోచర్లో ఉయ్యాల బొమ్మ చూసే కదా ఫ్లాట్ కొన్నారు, ఆ ఉయ్యాల జాగాలో ఇప్పుడు విజిటర్స్ పార్కింగ్ ఎలా వచ్చింది? వినాయక చవితికి అదే సెల్లార్లో డీజే మోగితే ఎవరి నిద్రా పాడవదు, పసివాడు బకెట్ బోర్లిస్తే మాత్రం వాట్సాప్ గ్రూప్‌లో కంప్లయింట్.

ఈ కాలం పిల్లలకి మనుషులతో కలవడం రాదని జనరల్ బాడీ మీటింగ్‌లో ఎవరైనా లేచి లెక్చర్ మొదలెడితే, ముందు తమ బ్లాక్‌లో ఉన్న పిల్లల పేర్లు ఓ నాలుగు చెప్పమనండి.