ఆ పులిహోర బిల్లులో ఎందుకు లేదండీ?

పొద్దున్నే ఫోను టింగుమంది. బిల్లు పంచుకునే యాప్. "క్యాంపింగ్ ఫుడ్, మీ వాటా 1,870 రూపాయలు." కాఫీ ఇంకా గొంతు దిగలేదు. లోపల ఏముందా అని చూస్తే చీజు, పుట్టగొడుగులు, మూడు రంగుల క్యాప్సికమ్, బొగ్గుల సంచి, అల్యూమినియం ఫాయిల్ రెండు చుట్టలు, మార్ష్‌మాలోలనే మెత్తటి మిఠాయిలు నాలుగు ప్యాకెట్లు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. నేను చేసుకెళ్లిన రెండు కిలోల పులిహోర ఎక్కడా లేదు.

బిల్లు పెట్టిన అన్నయ్యగారిని గ్రూపులో అడిగాను. మర్యాదగానే, నవ్వు బొమ్మ పెట్టి మరీ అడిగాను, "మరి పులిహోర అన్నయ్యగారూ?" అని. జవాబొచ్చింది: "అయ్యో చెల్లెమ్మా, అది ఇంట్లో చేసిందే కదా!" దాని కింద మూడు నవ్వు బొమ్మలు. అందులో ఒకటి మా ఆయనది.

ముందే చెప్తున్నా, ఈ పోస్టు డబ్బుల గురించి కాదు. (డబ్బుల గురించి కూడా. కానీ ముఖ్యంగా కాదు.)

శనివారం నాలుగు కుటుంబాలం కలిసి భీమేశ్వరి వైపు కావేరి ఒడ్డుకి వెళ్లాం. కనకపుర, సాతనూరు, హలగూరు దాటి, వంద కిలోమీటర్లు. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకి ఈ మధ్య పట్టుకున్న జబ్బు ఇది. వారమంతా మారతహళ్లి ట్రాఫిక్‌లో కూర్చోవడం, శనివారం నాడు అదే కార్లో ఇంకో మూడు గంటలు కూర్చుని "ప్రకృతి" అనడం. సరే, నది బాగుంది. నదిని నేనేం అనను.

వంట మాత్రం అన్నయ్యగారు ముందే తన చేతుల్లోకి తీసుకున్నారు. "ఈసారి ఆడవాళ్లు రెస్ట్, మగాళ్లం గ్రిల్లింగ్" అని ప్రకటన. చప్పట్లు. ఆ తర్వాత ఉల్లిపాయలు కోసిందెవరు, క్యాప్సికమ్ గింజలు తీసిందెవరు, పుల్లలకి గుచ్చిందెవరు? మేం నలుగురం. ఆయన చేసిందల్లా పొడుగాటి పట్టకారు పట్టుకుని ఫోటో దిగడం. ఆ పుల్లల్ని ఒకటికి రెండుసార్లు తిప్పారనుకుంటా, రీల్‌లో అయితే నాలుగుసార్లు తిప్పారు.

పైగా ఆయన వండింది మంట మీద! బొగ్గు అంటుకోగానే, మంట ఎగుస్తుండగానే పెట్టేశారు. నిప్పులయ్యేదాకా, పైన బూడిద తెల్లగా పట్టేదాకా ఆగాలండీ బాబూ. మారేడుమిల్లిలో బొంగు చికెన్ చేసేవాళ్లని చూడండి. వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, ఆకుతో మూతి బిగించి, చుక్క నూనె లేకుండా, తిప్పుతూ తిప్పుతూ కాలుస్తారు. ఏ రీలూ చూసి నేర్చుకోలేదు వాళ్లు. ఇక్కడ పుట్టగొడుగులు పైన బొగ్గు, లోపల నీళ్లు. ఫాయిల్‌లో చుట్టిన ఆలుగడ్డలు, పిడికిలంతేసి, రాత్రి ఎనిమిదిన్నరకి పెట్టారు. పది దాటాక విప్పితే కసుక్కుమన్నాయి. సగానికి కోసి పెట్టమని చెప్పాను. "సన్‌సెట్ అప్పుడే పెట్టాల్సింది చెల్లెమ్మా, లైటింగ్ కూడా బాగుండేది" అన్నారు. లైటింగ్!

చికెన్ సంగతి చెప్పనే లేదు. పొద్దున్న తొమ్మిదింటికి మసాలా పట్టించిన కోడి, సాయంత్రం దాకా కారు డిక్కీలో. ఐసుపెట్టె ఉంది, అందులో కూల్‌డ్రింకులున్నాయి. ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లో గడ్డకట్టించి తెస్తే అదే ఐసుగడ్డలా పనికొచ్చేది, సాయంత్రానికి మెల్లగా కరిగేది. నా పిల్లలకి పెట్టనన్నాను. "నువ్వు మరీ" అన్నారు మా ఆయన. ఆ "నువ్వు మరీ" మీద ఇంకో పోస్టు రాస్తాను.

అంతలో చినుకులు. అన్నయ్యగారికి మెరుపులాంటి ఆలోచన, గ్రిల్లుని గుడారంలోకి లాగేద్దామని. నేను అరిచిన అరుపుకి అవతలి ఒడ్డున కుక్కలు లేచాయి. నిప్పులు గుడారంలో పెడితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. దానికి నాకొచ్చిన బిరుదు "టెన్షన్ పార్టీ".

మార్ష్‌మాలోల దగ్గరికొద్దాం. మా వాళ్లలో ఒకావిడ ఉన్నారు, పరమ శాకాహారి. నా పెనం ముట్టుకునే ముందు "ఇందులో ఎప్పుడైనా ఆమ్లెట్ వేశారా" అని అడిగిన మనిషి. ఆవిడ మార్ష్‌మాలోలు నాలుగు కాల్చుకుని తిన్నారు. నేను ప్యాకెట్ వెనక చదివాను. జెలటిన్. జంతువుల తోలు, ఎముకల నుంచి తీసేది. చెప్పలేదు. చెప్పాల్సిందంటారా? నా పెనానికి జరిగిన అవమానం గుర్తొచ్చి నోరు రాలేదు.

చివరికి పదకొండింటికి ఏమైంది? పిల్లలు ఏడుస్తున్నారు, పెద్దలు చిప్స్ ప్యాకెట్ల అడుగు వెతుకుతున్నారు. అప్పుడు నేను బేసిన్ మీద మూత తీశాను. ఆవ పెట్టిన పులిహోర. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత పన్నెండు మంది కలిసి పది నిమిషాల్లో తుడిచేశారు. అన్నయ్యగారు మూడుసార్లు వడ్డించుకున్నారు, మూడోసారి గరిటె కూడా లేకుండా.

ఇది క్యాంపింగ్ వంట కాదట. ఎందుకంటే పొగ రాదు, పుల్లకి గుచ్చరు. మనకి క్యాంపింగ్ ఇప్పుడొచ్చిందా అసలు? కార్తీక మాసంలో ఉసిరిచెట్టు కింద వందమందికి వండి వడ్డించేవాళ్లం. పాపికొండల లాంచీలో గోదారి మీద పోతూ వేడి వేడి ఉప్మా తిన్న మనిషిని నేను. నాకు వీళ్లు ఫాయిల్ ఆలుగడ్డ నేర్పుతారా?

మర్నాడు పొద్దున్న ఇంకో ముచ్చట. తెప్పలో, అదే మన పుట్టిలో, చిన్న గ్యాస్ స్టవ్ పెట్టి ఆమ్లెట్ వేస్తే రీల్ అదిరిపోతుందట. వెదురు బుట్ట, గుండ్రంగా తిరిగేది, ఒకడు లేచి నిలబడితే ఒరిగేది. దాంట్లో మంట, మరిగే నూనె! నడిపే అతను కన్నడలో ఒకే మాటన్నాడు, "బేడ సార్", వద్దు సార్ అని. బంగారంలాంటి మనిషి. నేను అందరికీ పొడి ఇడ్లీలిచ్చాను. ఇంట్లోనే ఒక్కో ఇడ్లీకి కందిపొడి, నువ్వుల నూనె రెండువైపులా పట్టించి తెచ్చినవి. అలా చేస్తే ఎండిపోవు, చట్నీ అక్కర్లేదు, ఒక చేత్తో తినొచ్చు, రెండో చేత్తో పుట్టి అంచు పట్టుకోవచ్చు. నీళ్ల మీద తిండికి ఇంతకంటే ఏం కావాలి?

అడిగినవాళ్ల కోసం, మధ్యాహ్నానిది కూడా చెప్తా. దద్దోజనం. పెరుగు కలిపి తీసుకెళ్తే పులుస్తుంది. మెత్తగా వండిన అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడే పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు పెట్టి మూతేయండి. దారిలోనే తోడుకుంటుంది, మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది. పక్కన పచ్చిపులుసు. చింతపండు నీళ్లు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వేయించిన నువ్వులపొడి. అగ్గిపుల్లతో పనే లేదు. తెలంగాణ వాళ్లకి దండం పెట్టాలి. ఇది చూసి ఒకాయన "వావ్, సింపుల్!" అన్నారు.

సింపుల్. ఈ మాటే నాకు పడదు. పదకొండేళ్లుగా వింటున్నా. "ఏదో సింపుల్‌గా చేసెయ్, పది మందే కదా." "సింపుల్‌గా పులిహోర కలిపెయ్." మా ఆడపడుచు సీమంతానికి సింపుల్‌గా 80 బొబ్బట్లు. అన్నయ్యగారి గృహప్రవేశానికి సింపుల్‌గా గుత్తివంకాయ. అవును, ఆయనదే, అప్పుడు కూడా కృతజ్ఞతల చిట్టాలో క్యాటరింగ్ వాడి పేరుంది, నా పేరు లేదు. శుక్రవారం రాత్రి ఎనిమిదికి కాల్ అయ్యాక చింతపండు నానబెట్టాను. గుజ్జు తీసి, పసుపు, మిర్చి, కాస్త బెల్లం వేసి నూనె తేలేదాకా ఉడికించాను. అన్నం పలుకుగా వండి, ఆరబెట్టి, ఆవ నూరి, పోపేసి, కలిపి, ఇడ్లీలు వేసి, గిన్నెలు కడిగేసరికి పన్నెండున్నర. మా ఆయన అప్పటికి గ్రిల్లింగ్ వీడియోలు చూసి చూసి నిద్రపోయారు. కష్టపడ్డారు పాపం.

అక్కడికెళ్లాక రెండు నిమిషాల్లో మూత తీసి వడ్డిస్తే అది "ఇంట్లో చేసిందే కదా".

ఇప్పుడే యాప్‌లో నేనూ ఒక పద్దు రాశాను. "పులిహోర, ఇడ్లీలు, దద్దోజనం. శుక్రవారం రాత్రి, నాలుగున్నర గంటలు." ఎంత అని అడుగుతోంది. ఆ గడి ఖాళీగానే వదిలి, స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టాను, వాళ్లే నింపుతారని. అరగంటైంది. అందరూ చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. మాట లేదు. అంతలో అన్నయ్యగారి నుంచి విడిగా ఒక మెసేజ్: "చెల్లెమ్మా, వచ్చే నెల సకలేశపుర. పులిహోర మర్చిపోవద్దు!"

అన్నట్టు, ఆ పులిహోర బేసిన్ మా అమ్మ నా పెళ్లికి పేరు కొట్టించి ఇచ్చింది. దాని మూత ఆయన కార్లో ఉండిపోయింది. పెళ్లి తేదీతో సహా చెక్కి ఉంటుంది, వెతకడం సింపులే. అది ఇంటికొచ్చేదాకా 1,870లో రూపాయి కట్టను.